కొలత ఎవరి చేతిలో ఉండాలి?

2011 మార్చి 15న జపాన్‌లోని ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో (ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) మిహారు అనే చిన్న పట్టణం, పైనుంచి ఏ ఆదేశమూ రాకముందే, తన ప్రజలకు అయొడిన్ మాత్రలు పంచింది. పేలుళ్లు జరుగుతున్న ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రానికి ఆ ఊరు పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. గాలి తూర్పు నుంచి తమ వైపు మళ్లనుందనీ, వాన సూచన కూడా ఉందనీ పట్టణ కార్యాలయ ఉద్యోగులు గమనించారు. థైరాయిడ్ గ్రంథిని ముందుగానే మామూలు అయొడిన్‌తో నింపితే గాలిలో వచ్చే రేడియోధార్మిక అయొడిన్‌కు అందులో చోటు దొరకదనీ, ఆ మాత్ర సమయానికి వేసుకుంటేనే పని చేస్తుందనీ వారికి తెలుసు. 40 ఏళ్ల లోపు వారున్న ఇళ్లకు మాత్రలు చేరాయి. సంగతి తెలిసిన ప్రిఫెక్చర్ అధికారులు పంపిణీ ఆపమన్నారు, ఇచ్చినవి వెనక్కి తీసుకొమ్మన్నారు. పట్టణం వినలేదు.

అవే రోజుల్లో సముద్రతీరాన ఉన్న నమియె పట్టణం నుంచి వేలమంది వాయవ్య దిశగా త్సుషిమా అనే కొండ ప్రాంతానికి తరలిపోయి అక్కడి బడుల్లో, సామాజిక భవనాల్లో తలదాచుకున్నారు. ప్రమాద స్థలానికి దూరంగా వచ్చేశామన్న ధీమాతో వారున్నారు. కానీ రేడియోధార్మిక పదార్థం అత్యధికంగా కొట్టుకొచ్చి నేల మీద దిగిన దారి సరిగ్గా ఆ వాయవ్య దిశే. గాలి ఎటు మోసుకెళ్తుందో లెక్కగట్టే ‘స్పీడి’ అనే కంప్యూటర్ వ్యవస్థ జపాన్‌కు అప్పటికే ఉంది. రియాక్టర్ల నుంచి ఎంత పదార్థం బయటపడిందో తెలియనందువల్ల దాని అంచనాల్లో పరిమాణం కచ్చితంగా ఉండదన్నది నిజమే, కానీ దిశ మాత్రం వాటిలో కనిపిస్తూనే ఉంది. ఆ అంచనాలు మార్చి 14 నుంచే జపాన్‌లోని అమెరికా సైన్యానికి అందాయి. ప్రజల ముందుకు మార్చి 23న గానీ రాలేదు. ఆ సమాచారాన్ని తొక్కిపెట్టడం హత్యతో సమానమని అప్పటి నమియె మేయర్ తమోత్సు బాబా అన్నారు.

ఈ రెండు ఊళ్ల మధ్య తేడా ప్రజల చదువులో లేదు, ధైర్యంలోనూ లేదు. ఒక ఊరు గాలిని తానే చూసుకుని తానే నిర్ణయం తీసుకుంది. రెండో ఊరు, తన గురించి పైవాళ్లకు తెలిసిన సంగతిని తనకు ఎప్పుడు చెబుతారా అని తెలియకుండానే ఎదురుచూసింది. అణు ప్రమాదం జరిగిన ప్రతిసారీ ‘ప్రజలకు అవగాహన లేదు, అందుకే లేనిపోని భయాలు పెట్టుకుంటున్నారు’ అన్న మాట వినిపిస్తూ ఉంటుంది. నేను ఆ మాటను ఒప్పుకోను. ప్రజల భయం ఎంత ఉంటుందన్నది వారికి భౌతికశాస్త్రం ఎంత వచ్చన్న దాని మీద కన్నా, తమ ఇంటి, తమ తిండి, తమ పిల్లల తాలూకు కొలతలు తమ చేతికి ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చాయన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా వాదన.

ఈ వాదన నా వృత్తిలోంచి వచ్చింది. నేను విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ భద్రత చూసే మెడికల్ ఫిజిసిస్టును. ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుని పని చేస్తాను. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబుకు పంపితే నా ఒంటికి ఎంత డోసు తగిలిందో లెక్క వస్తుంది. మా వృత్తిలో ఉన్నవారికి మన దేశంలో ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలిన రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం) పరిమితి, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ ప్రజలకైతే అది 1 మిల్లీసీవర్టు. రోజూ రేడియేషన్ మధ్య తిరుగుతూ నేను నిశ్చింతగా ఉండగలుగుతున్నానంటే కారణం నా డిగ్రీ కాదు, ఆ బ్యాడ్జి. దాన్ని తీసేసి, ‘ఏమీ కాదు, నన్ను నమ్మండి’ అని పైఅధికారి చెబితే నేను ఒక్క పూట కూడా ఆ గదిలో అడుగు పెట్టను. నేను ఒప్పుకోని ఆ ఏర్పాటునే ఫుకుషిమాలో తల్లిదండ్రులు ఒప్పుకోవాలని ఆశించారు.

జరిగిన క్రమాన్ని ఒకసారి చూడాలి. మార్చి 11 మధ్యాహ్నం 2:46కు 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. రియాక్టర్లు వాటంతట అవే ఆగిపోయాయి. అయితే ఆగిన రియాక్టరులో కూడా ఇంధనం వేడిని పుట్టిస్తూనే ఉంటుంది, దాన్ని చల్లార్చడానికి నీరు తోడుతూనే ఉండాలి. గంటలోపే సుమారు 15 మీటర్ల ఎత్తున ముంచుకొచ్చిన సునామీ అత్యవసర డీజిల్ జనరేటర్లను ముంచేసింది. పంపులు ఆగాయి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది, 12, 14, 15 తేదీల్లో హైడ్రోజన్ పేలుళ్లు జరిగాయి. ఖాళీ చేయవలసిన పరిధి మొదటి రాత్రి 3 కిలోమీటర్లు, మర్నాడు ఉదయానికి 10, సాయంత్రానికి 20 అయింది. పరిధి పెరిగిన ప్రతిసారీ అంతకు ముందు చెప్పిన మాటకు విలువ తగ్గింది. ఇంధనం కరిగిందన్న సంగతిని కేంద్రాన్ని నడిపే కంపెనీ టెప్కో మే నెలలో గానీ ఒప్పుకోలేదు. ఆ మాట బయట వాడవద్దని అప్పట్లో కంపెనీ అధ్యక్షుడే ఆదేశించిన వైనం 2016లో బయటపడింది.

ఆ రోజుల్లో ప్రభుత్వ ప్రతినిధి యుకియో ఎదానో ఆరోగ్యం మీద తక్షణ ప్రభావం చూపే స్థాయి కాదని పదే పదే చెప్పారు. శాస్త్రపరంగా ఆ వాక్యంలో తప్పు లేదు. ఒక్కసారిగా జబ్బు చేయించే డోసు వందల మిల్లీసీవర్టుల్లో ఉంటుంది, ప్రజలకు తగిలింది దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. కానీ చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్న తల్లికి ఆ వాక్యం వినగానే కలిగే ప్రశ్న ఒక్కటే: తక్షణం కాకపోతే పదేళ్లకా? ఎంత డోసు, ఎంతకాలం, ఈ ఊళ్లోనా పక్క ఊళ్లోనా, పాలు తాగించవచ్చా, బట్టలు బయట ఆరేయవచ్చా అన్న వాటిలో దేనికీ ఆ వాక్యంలో జవాబు లేదు. జవాబు లేని చోట మనుషులు తమకు తెలిసిన అత్యంత ఘోరమైన సంఘటనను తెచ్చి పెట్టుకుంటారు. జపాన్‌లో అది హిరోషిమా, నాగసాకి. ఐరోపాలో అయితే చెర్నోబిల్. అది అజ్ఞానం కాదు, ఖాళీగా వదిలేసిన చోటును మనసు నింపుకునే తీరు.

చెప్పవలసిన పద్ధతిలో చెప్పిన ఉదాహరణ కూడా ఆ నెలలోనే ఉంది. మార్చి 23న టోక్యోలోని కనమాచి నీటి శుద్ధి కేంద్రంలో కిలో నీటికి 210 బెక్వెరెల్‌ల (సెకనుకు ఎన్ని అణువులు విచ్ఛిన్నమవుతున్నాయో చెప్పే లెక్క) రేడియోధార్మిక అయొడిన్ కనిపించింది. చంటిపిల్లలకు పరిమితి 100. నగర పాలన ఆ అంకెను దాచలేదు. పసిపిల్లలకు ఆ నీరు పట్టవద్దని, పెద్దలు తాగవచ్చని చెప్పి, చంటిపిల్లలున్న ఇళ్లకు సీసా నీళ్లు పంచింది, రోజూ కొత్త కొలతను ప్రకటించింది. దుకాణాల్లో నీళ్ల సీసాలు ఖాళీ అయిన మాట వాస్తవమే. అయినా కోటికి పైగా జనం ఉన్న నగరపు తాగునీటి గురించి అంత గడ్డు వార్త చెప్పినా నగరం అల్లకల్లోలం కాలేదు. ఎనిమిది రోజులకు సగమయ్యే అయొడిన్ తగ్గుతూ పోయింది, అంకెలూ తగ్గాయి, జనం కుళాయి నీళ్లకు తిరిగి వచ్చారు. చెడ్డ అంకెను ధైర్యంగా చెప్పిన వాడు మర్నాడు మంచి అంకె చెబితే జనం నమ్ముతారు. ఈ చిన్న సూత్రాన్ని అధికార యంత్రాంగాలు ఎందుకు నమ్మవో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

బడుల విషయంలో ఇందుకు పూర్తి విరుద్ధంగా జరిగింది. ఏప్రిల్ 2011లో విద్యాశాఖ బడి మైదానాలకు ఏడాదికి 20 మిల్లీసీవర్టుల లెక్కన, గంటకు 3.8 మైక్రోసీవర్టుల (మైక్రోసీవర్టు అంటే మిల్లీసీవర్టులో వెయ్యో వంతు) ప్రమాణం పెట్టింది. వృత్తిలో ఉన్న నాకు పెట్టిన సగటు పరిమితీ, ఇసుకలో ఆడుకునే ఆరేళ్ల పిల్లకు పెట్టిన పరిమితీ ఒకటే అయ్యాయి. అత్యవసర పరిస్థితి నుంచి కోలుకునే దశలో 1 నుంచి 20 మధ్య ఏదో ఒక మెట్టు ఎంచుకోవచ్చని అంతర్జాతీయ సిఫార్సులు ఉన్నాయి గనక దానికి సాంకేతికమైన ఆధారం లేకపోలేదు. అయినా ప్రధానమంత్రి కార్యాలయ సలహాదారు తోషిసో కొసాకో ఆ ప్రమాణాన్ని పిల్లలకు వర్తింపజేయడం తన మనస్సాక్షికి విరుద్ధమని కన్నీళ్లతో రాజీనామా చేశారు. ఆయన రేడియేషన్ భద్రతలో ఆచార్యుడు; ఆయన భయాన్ని అవగాహన లోపం అనగలిగే వారెవరూ లేరు. తల్లిదండ్రులు టోక్యో వెళ్లి నిరసన తెలిపాక మే నెలాఖరులో విద్యాశాఖ 1 మిల్లీసీవర్టును లక్ష్యంగా ప్రకటించింది. ఆ మాట ఏప్రిల్‌లోనే, మైదానపు పైమట్టి తీసే ప్రణాళికతో కలిపి చెప్పి ఉంటే ఎన్ని కుటుంబాల్లో తగవులు తప్పేవో!

ఇంతవరకు చదివి, ‘అయితే జాగ్రత్త ఎంత ఎక్కువైతే అంత మంచిదే కదా, భయపడితే పోయేదేముంది’ అని ఎవరైనా అనుకుంటే, వారికి నేను గట్టిగా అడ్డుచెబుతాను. భయం వల్ల ప్రాణాలు పోయాయి, ఆ చావులు లెక్కలో ఉన్నాయి. ఒకుమా పట్టణంలోని ఫుతాబా ఆసుపత్రి నుంచి మంచం దిగలేని వృద్ధ రోగులను బస్సుల్లో కూర్చోబెట్టి, తోడుగా సరిపడా వైద్య సిబ్బంది లేకుండా, గంటల తరబడి తిప్పారు. ఆ ప్రాంతపు ఆసుపత్రులు, వృద్ధాశ్రమాల నుంచి తరలించిన వారిలో 50 మందికి పైగా దారిలోనో, చేరిన కొద్ది రోజులకో చనిపోయారు. చలికి, దప్పికకు, మందులు అందక పోయారు. రేడియేషన్ వల్ల ఒక్కరూ పోలేదు. ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో భూకంపం, సునామీ నేరుగా బలిగొన్నవారు సుమారు 1,600 మంది అయితే, తరలింపు కష్టాల వల్ల, నిర్వాస జీవితం వల్ల చనిపోయినట్లు అధికారికంగా గుర్తించినవారు 2,300 మందికి పైగా ఉన్నారు. రేడియేషన్ డోసు కారణంగా ప్రజల ఆరోగ్యంలో గుర్తించదగ్గ చెడు ఏదీ కనిపించలేదని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం 2021లో వెలువరించిన నివేదిక తేల్చింది. ఎవరిని కదిలించాలి, ఎవరిని కొన్నాళ్లు ఉన్నచోటే ఉంచి కిటికీలు మూసి కాపాడాలి అన్నది కొలతను బట్టి తేల్చవలసిన విషయం. ఆ రోజున కొలత లేదు, కిలోమీటర్ల లెక్కన గీసిన వలయం మాత్రమే ఉంది.

భయానికి బలైనవారు ప్రమాద స్థలానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో కూడా ఉండవచ్చు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టరు పేలాక గ్రీస్‌లో పరస్పర విరుద్ధమైన వార్తల మధ్య నలిగిపోయిన గర్భిణుల్లో సుమారు 2,500 మంది, బిడ్డ కావాలనుకుని కూడా గర్భస్రావం చేయించుకున్నారని అక్కడి వైద్య పరిశోధకులు మరుసటి ఏడాది అంచనా వేశారు. ఆ దేశంలో మనుషులకు అదనంగా తగిలిన డోసు సగటున 1 మిల్లీసీవర్టు లోపే. చాలామంది వైద్యులు కూడా ఆ అంకె తెలియక సలహా ఇచ్చారు. అదే సమయంలో పోలండ్, మాస్కో నుంచి సరైన సమాచారం రాకపోయినా, తన గాలిని తానే కొలుచుకుని, ఏప్రిల్ 29 నుంచి మొదలుపెట్టి కోటికి పైగా పిల్లలకు అయొడిన్ ద్రావణం తాగించింది. ఉక్రెయిన్, బెలారుస్, రష్యా పల్లెల్లో కలుషితమైన పాలు తాగిన పిల్లల్లో తర్వాతి రెండు దశాబ్దాల్లో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు కనిపించాయి. వాటిలో చాలా భాగం ఆ పాలను వెంటనే ఆపి ఉంటే తప్పేవి. ఒకచోట కొలత లేక లేని ప్రమాదానికి బిడ్డలను పోగొట్టుకున్నారు, మరోచోట కొలత దాచడం వల్ల ఉన్న ప్రమాదానికి పిల్లలు బలయ్యారు. రెంటికీ మూలం ఒకటేనని నేను నమ్ముతున్నాను.

ప్రమాదాన్ని ప్రజలు చూసే తీరు మీద అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ స్లోవిక్ 1987లో రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ ప్రస్తావించేది. 30 పనులను, సాధనాలను ప్రమాద క్రమంలో పేర్చమంటే అణు విద్యుత్తును మహిళా ఓటర్ల సంఘం సభ్యులూ కాలేజీ విద్యార్థులూ మొదటి స్థానంలో పెట్టారు, నిపుణులు 20వ స్థానంలో పెట్టారు. ఈ తేడాను చూపించి సామాన్యులు తప్పు, నిపుణులు ఒప్పు అని తేల్చేవారు ఆ పరిశోధనను సగమే చదివినట్టు. నిపుణులు ఏటా పోయే ప్రాణాల లెక్కను చూస్తున్నారు. సామాన్యులు ఇంకా చాలా చూస్తున్నారు: ఈ ముప్పు నేను కోరి తెచ్చుకున్నదా, నా మీద ఎవరో రుద్దినదా? నా చేతుల్లో ఏమైనా ఉందా? జరిగితే ఎంతమందికి, ఎన్ని తరాల పాటు? లాభం ఎవరికి, నష్టం ఎవరికి? ఇవి అడగదగిన ప్రశ్నలు కావని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

అందుకే మా రంగంలో చాలామంది ఇష్టంగా చెప్పే ఒక పోలికను నేను వాడను. ‘మీ ఊళ్లో ఏడాదికి 3 మిల్లీసీవర్టులు ఎక్కువ, ఒక్క సీటీ స్కాన్‌కే 7 వస్తుంది, కాబట్టి దిగులు పడకండి’ అంటారు. అంకెల్లో తప్పు లేదు. కానీ సీటీ గది బయట తన నాలుగేళ్ల బాబును ఎత్తుకుని నిలబడ్డ ఒక తల్లి, ‘దీనివల్ల వీడికి రేపు ఏమన్నా అవుతుందా సార్?’ అని అడిగినప్పుడు నేను ఆమెకు చెప్పేది వేరు. ఎంత డోసు తగులుతుందో చెబుతాను, దానివల్ల ముందుముందు క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుందనీ, ఆ పెరుగుదల చాలా చిన్నదనీ, ఇవాళ స్కాన్ తీయకపోతే డాక్టరుకు కణితి ఎక్కడుందో తెలియదనీ చెబుతాను. ఆమె ఆలోచించుకుని లోపలికి తీసుకొస్తుంది. ఆ డోసుకు ఆమె బిడ్డకు ప్రతిఫలం ఉంది, కాదనే హక్కు ఆమెకు ఉంది. ఫుకుషిమా తల్లికి ఆ రెండూ లేవు. ఆమె బిడ్డకు తగిలే మిల్లీసీవర్టు వల్ల ఆ బిడ్డకు ఒరిగేది ఏమీ లేదు. సునామీని ఆపవలసిన కంపెనీ గోడ ఎత్తు చాలకపోవడం వల్ల అది వచ్చింది. అంకె ఒకటే అయినా న్యాయం ఒకటి కాదు. ఈ తేడాను ఆమె పసిగట్టింది గనకనే ఆ పోలిక వినగానే ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని అవగాహన లోపమని రాసుకున్నవారే ఆమె నమ్మకాన్ని పోగొట్టుకున్నారు.

చిన్న డోసుల గురించి నిజాయితీగా చెప్పాలంటే ఎలా చెప్పాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. భద్రతా ప్రమాణాలకు వాడే లెక్క ప్రకారం 100 మిల్లీసీవర్టులు తగిలితే జీవితకాలంలో క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం సుమారు అర శాతం పెరుగుతుంది. అంతకన్నా తక్కువ డోసుల దగ్గర ఆ పెరుగుదల మామూలుగా వచ్చే క్యాన్సర్ల సంఖ్యలో కలిసిపోయి విడిగా కనిపించదు. కనిపించదు అంటే సున్నా అని కాదు, దాక్కుని ఉన్న మహమ్మారి అనీ కాదు. ఈ రెండు తప్పుడు అర్థాలకూ పెద్ద గొంతుకలు ఉన్నాయి. ప్రకృతి నుంచే ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు మనందరికీ తగులుతున్నాయని, పెద్దవాళ్ల ఒంట్లో సహజమైన పొటాషియం వల్లనే వేల బెక్వెరెల్‌లు ఉంటాయని చెప్పడం మంచిదే. అయితే అది కొలబద్దగా చెప్పాలి, నోరు మూయించడానికి చెప్పకూడదు.

కొలత ప్రజల చేతికి వచ్చాక ఏం జరిగిందో కూడా ఫుకుషిమాయే చూపించింది. 2012 పంట నుంచి ఆ ప్రిఫెక్చర్‌లో పండిన బియ్యం బస్తాలన్నిటినీ, ఒక్కటి కూడా వదలకుండా, బెల్టు మీద యంత్రం కిందుగా పంపి పరీక్షించారు. 30 కిలోల బస్తాలు, ఏడాదికి కోటి దాకా. ఆ ఏడాదే ఆహారంలో రేడియోధార్మిక సీజియం పరిమితిని కిలోకు 500 బెక్వెరెల్‌ల నుంచి 100కు తగ్గించారు. మొదటి ఏడాది పరిమితి దాటినవి 71 బస్తాలు, మరుసటి ఏడాది 28, 2014లో రెండు, ఆ తర్వాత సున్నా. ఆ సున్నా దానంతట అది రాలేదు. వరి మొక్క పొటాషియం చాలినంత దొరకనప్పుడు దాని బదులు సీజియంను పీల్చుకుంటుందని తెలుసుకుని రైతులు పొలాల్లో పొటాష్ ఎరువు పెంచి వేశారు. మడిలోకి ఏ ఎరువు వేస్తే గింజలోకి ఏది ఎక్కదో తెలిసిన రైతుకు, తన బస్తా మీద పరీక్ష ముద్ర చూసుకున్న రైతుకు, ఆ విషయంలో ఇంకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టమైనది. 2014లో ఫుకుషిమా హైస్కూలు విద్యార్థులు కొందరు, డీ-షటిల్ అనే చిన్న డోసిమీటర్లను తాము మెడలో వేసుకోవడమే కాక జపాన్‌లోని ఇతర ప్రాంతాల్లో, ఫ్రాన్స్, పోలండ్, బెలారుస్‌లలో ఉన్న తమ ఈడు పిల్లలకూ వేయించారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి మొత్తం 216 మంది, రెండు వారాలు. ఆ పరికరం గంట గంటకూ డోసును విడిగా నమోదు చేస్తుంది. ఆ గంటలో బడిలో ఉన్నామా, ఇంట్లో ఉన్నామా, దారిలో ఉన్నామా అని పిల్లలు డైరీ రాసుకున్నారు. తర్వాత ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఏడాదికి లెక్కగడితే ఫుకుషిమాలో 0.63 నుంచి 0.97 మిల్లీసీవర్టులు, ఐరోపాలో 0.51 నుంచి 1.10 దాకా వచ్చింది. ఖాళీ చేయించిన ప్రాంతాల సంగతి వేరు. ఆ పిల్లలు ఉంటున్న ఊళ్లలో మాత్రం పరిస్థితి అదీ. ఇదే ఫలితాన్ని మంత్రి చెప్పి ఉంటే ఎంతమంది నమ్మేవారో ఊహించవచ్చు. తామే ప్రశ్న వేసుకుని, తామే కొలిచి, రచయితలుగా తమ పేర్లతో అంతర్జాతీయ పత్రికలో అచ్చు వేయించుకున్న పిల్లలు ఆ అంకెను ఇంట్లో అమ్మమ్మకు చెబితే దాని బరువు వేరు.

దూరానికీ భయానికీ ఉన్న సంబంధం ఇక్కడ తలకిందులుగా కనిపిస్తుంది. రేడియేషన్ ప్రభావం రాబోయే తరాలకు సోకుతుందని భావించేవారు తరలిపోయిన ఫుకుషిమా ప్రజల్లో 2011లో 60 శాతం దాకా ఉంటే తర్వాతి ఏళ్లలో 40 శాతం లోపుకు తగ్గారు. ప్రమాదం జరిగిన ఆరేళ్లకు టోక్యో వాసులను అడిగితే మాత్రం దాదాపు సగం మంది అలాంటి ప్రభావం ఉండవచ్చన్నారు. హిరోషిమా, నాగసాకి బాధితులకు తర్వాత పుట్టిన సుమారు 77 వేల మంది పిల్లలను దశాబ్దాలుగా గమనిస్తున్నా అలాంటి వంశపారంపర్య హాని తేలలేదు. ఫుకుషిమాలో ఉన్నవారు కొలుచుకుంటూ, అడుగుతూ, మళ్లీ కొలుచుకుంటూ నేర్చుకున్నారు. టోక్యోలో ఉన్నవారి మనసులో 2011 నాటి టీవీ దృశ్యమే మిగిలిపోయింది. ఆ దృశ్యం వల్ల దెబ్బతిన్నది ఎవరంటే, యొకొహామా బడిలో తోటివారు ‘క్రిమి’ అని పిలిచి డబ్బు గుంజిన తరలింపు కుటుంబపు అబ్బాయి, పెళ్లి సంబంధం వచ్చినప్పుడు సొంత ఊరి పేరు చెప్పడానికి జంకే అమ్మాయి.

కొలతను నేను మంత్రదండంగా చెప్పడం లేదు. ప్రమాదం నాటికి 18 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న సుమారు మూడున్నర లక్షల మందిని థైరాయిడ్ అల్ట్రాసౌండ్‌కు పిలిస్తే మొదటి విడతలో 3 లక్షల మంది వచ్చారు, 116 మందిలో క్యాన్సర్ ఉందనో ఉండవచ్చనో తేలింది. ఈ అంకె చూసి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. లక్షణాలు లేనివారిని పనిగట్టుకుని వెతికితే, ఎన్నటికీ హాని చేయని చిన్న కణుతులు చాలా బయటపడతాయి; దక్షిణ కొరియాలో రేడియేషన్ ఊసే లేకుండా, కేవలం స్కాన్లు పెరగడం వల్ల 1993, 2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ల నమోదు 15 రెట్లు పెరిగింది. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం ఫుకుషిమాలో కనిపించిన పెరుగుదలకు కూడా ఈ సున్నితమైన పరీక్షలే కారణమని భావించింది. ఈ సంగతి స్కాన్‌కు ముందే తల్లిదండ్రులకు చెప్పాలి. ఫలితం చేతికిచ్చి, పిల్ల మెడకు ఆపరేషన్ అయ్యాక చెబితే అది సంజాయిషీగా వినిపిస్తుంది. అలాగే ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లోని ‘దాతే’ అనే నగర వాసులు మెడలో వేసుకున్న డోసిమీటర్ల లెక్కలను, వేలమంది సమ్మతి లేకుండానే వాడి రాసిన పరిశోధన పత్రాలను 2020లో ఉపసంహరించవలసి వచ్చింది. కొలత ప్రజలది అంటే పరికరం వారి మెడలో ఉండడమే కాదు, ఆ అంకె మీద అధికారమూ వారిదే కావాలి.

ఇదంతా నాకు దూరదేశపు కథ కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది, అందుకు భూసేకరణ జరిగింది. అటువైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడు పడవ మీద బతికే ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది: ‘అది పేల్తాదో పేలదో నాకు తెల్దు గానీ బాబూ, ఆ పక్కన పట్టిన సేపలు ఎవులైనా కొంతారా?’ ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఫుకుషిమా మత్స్యకారులు ప్రమాదం జరిగిన ఏళ్ల తర్వాత కూడా ఎదుర్కొన్న ప్రశ్నే అది. దాయిచి కేంద్రంలో పేరుకున్న నీటిని శుద్ధి చేసి 2023 ఆగస్టు 24న సముద్రంలోకి వదలడం మొదలుపెట్టినప్పుడు, లీటరుకు 1,500 బెక్వెరెల్‌ల ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) దాటకుండా పలచన చేశామని ఎంత చెప్పినా, చైనా జపాన్ చేపలన్నిటి దిగుమతినీ నిలిపేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి ఇచ్చిన మార్గదర్శక స్థాయి 10,000. ప్రమాదం జరగకపోయినా, పుకారు ఒక్కటి చాలు ఆ పెద్దాయన బతుకు దెబ్బతినడానికి. ఆయనకు అవగాహన సదస్సులో రంగుల బొమ్మల కరపత్రం ఇచ్చి పంపితే ఆ ప్రశ్నకు జవాబు రాదు.

విశాఖవాసిగా నాకు ఇంకో జ్ఞాపకం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో పక్కనున్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీద కమ్ముకున్నప్పుడు సైరన్ మోగలేదు. ఆ వాసన ఏమిటో, గాలి ఎటు వీస్తోందో, ఎటు పరుగెత్తాలో జనానికి తెలియలేదు. పరుగెత్తుతూ రోడ్డు మీదే కూలబడ్డారు. 12 మంది చనిపోయారు. అది రసాయనం, వాసన వస్తుంది, కళ్లు మండుతాయి. రేడియేషన్‌కు వాసన కూడా లేదు. ఏళ్ల తరబడి గోడ పక్కనే ఉన్న ఫ్యాక్టరీలో ఏముందో ఊరికి తెలియని చోట, రియాక్టరు పక్కనున్న పల్లెకు అన్నీ తెలియజేస్తామని ఎవరైనా అంటే, ఎలా తెలియజేస్తారో ముందే చూపించమని అడగడం మన హక్కు.

కొవ్వాడ విషయంలో రియాక్టర్లు కావాలా వద్దా అన్న వాదన వేరే ఉంది, దానిలో రెండు వైపులా గట్టి కారణాలు ఉన్నాయి. నేను అడిగేది ఆ వాదన ఎటు తేలినా అవసరమైన పని. మన ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో చాలాచోట్ల మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో సహజంగానే రేడియోధార్మికత ఉన్న థోరియం ఉంది. భీమిలి ఒడ్డున నల్ల ఇసుక పేరుకున్న చోట సర్వే మీటరు పెడితే ముల్లు నగరంలోని మా ఇంటి దగ్గర కన్నా పైకి కదులుతుంది. అది ఏ కర్మాగారం వల్లా వచ్చింది కాదు, కొండలు కరిగి నదుల వెంట కొట్టుకొచ్చింది. ఇలాంటి తీరంలో ముందుగా కొలిచి పెట్టుకోకపోతే, రేపు ఏ ఇంటి ముందైనా మీటరు కాస్త ఎక్కువ చూపించినప్పుడు అది ఇసుకదా కేంద్రానిదా అన్నది ఎవరూ తేల్చలేరు. కంపెనీ ఇసుక అంటుంది, ఊరు కేంద్రం అంటుంది, ఇద్దరి దగ్గరా ఆధారం ఉండదు.

అందువల్ల ఆ చుట్టుపక్కల ప్రతి పల్లెలో ఇప్పుడే, ఇంటి గడప దగ్గర, చేపలు ఆరబెట్టే చోట, బావి నీటిలో, బడి ఆవరణలో కొలతలు తీయించాలి. తీసేవారిలో ఆ ఊరి హైస్కూలు పిల్లలు, ఆశా కార్యకర్తలు, మత్స్యకార సంఘం వారు ఉండాలి. పరికరం ఎలా పని చేస్తుందో, ఎక్కడ తప్పు చూపిస్తుందో కూడా వారికి నేర్పాలి. విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర శాఖలకు, మా వంటి ఆసుపత్రుల వారికి ఇది చేతకాని పనేమీ కాదు, పిలిస్తే నేను వెళ్తాను. ఆ అంకెలు తెలుగులో, తేదీతో సహా, గ్రామ సచివాలయం గోడ మీద ఉండాలి, ఒక నకలు ఊరివాళ్ల దగ్గరే ఉండాలి. అయొడిన్ మాత్రలు ఎక్కడ నిల్వ ఉంటాయి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, జిల్లా కేంద్రం నుంచి ఫోను రాకపోతే పంచే అధికారం ఎవరికి ఉంటుంది, మంచం పట్టిన వృద్ధులను కదిలించాలా ఇంట్లోనే ఉంచాలా అని ఎవరు తేలుస్తారు అన్నవి కూడా అదే గోడ మీద రాసి ఉండాలి. ఇది పునాది తవ్వకముందే జరగాలి. యంత్రాలు దిగి, రాయీ మట్టీ కదిలాక తీసిన కొలతను తొలి లెక్కగా ఏ కోర్టూ, ఏ చేపల వ్యాపారీ ఒప్పుకోడు.